షుగర్ పుండుకి తేనె రాయొచ్చా?

అంబత్తూరు శ్రీను: నాన్నగారికి షుగర్, బొటనవేలి కింద పుండు. బంధువులు తేనె కట్టు వేయమంటున్నారు, డాక్టరు వద్దన్నారు. ఎవరైనా వాడారా?

పోరూరు లక్ష్మి: నిక్షేపంగా రాయండి. మా అమ్మ మడమ పుండు తేనెతోనే మానింది. సుశ్రుతుడు వ్రణాలకు తేనె, నెయ్యి చెప్పాడు. తేనెకు పులుపు గుణం ఉంది, పైగా అందులోని ఎంజైమ్ వల్ల హైడ్రోజన్ పెరాక్సైడ్ పుడుతుంది. క్రిములు బతకవు. అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ కూడా 2007లో తేనె డ్రెస్సింగుకి అనుమతి ఇచ్చింది.

రాయపురం మూర్తి: లక్ష్మి గారూ, అది గామా కిరణాలతో శుద్ధి చేసిన మనుకా తేనె, న్యూజిలాండ్ వైపు మనుకా పొదల పూల నుంచి వచ్చేది. మన కొట్లలో సీసా కాదు. 2020లో సీఎస్ఈ అనే ఢిల్లీ పర్యావరణ సంస్థ 13 బ్రాండ్లకు కల్తీని పట్టే ఎన్ఎంఆర్ పరీక్ష చేయిస్తే 10 తప్పాయి.

లక్ష్మి: మాది కొల్లిమలై నుంచి తెప్పించిన అడవి తేనె. కల్తీ మాటే లేదు.

మూర్తి: కల్తీ లేకపోతే శుద్ధి అయినట్టా? బాటులిజం అనే, కండరాలు చచ్చుబడే జబ్బు తెచ్చే క్రిమి బీజాలు అసలు తేనెలోనూ ఉండొచ్చు.

వేళచ్చేరి కిరణ్: కాచి వాడితే?

మూర్తి: కాస్తే ఎంజైమ్ పోతుంది, బీజాలు చావవు. షుగర్ పాదాల మీద పనిచేసే ఐడబ్ల్యూజీడీఎఫ్ అనే అంతర్జాతీయ బృందం 2023లో కూడా పుండు మాన్పడానికి తేనె, తేనెటీగల ఉత్పత్తులు వాడొద్దనే చెప్పింది.

లక్ష్మి: ఎంతసేపూ కాగితాలేనా? మేం వెళ్లిన ఆసుపత్రిలో డాక్టరు తలెత్తకుండా "పాదం తీసేయాలి" అన్నాడు. ఎందుకో చెప్పలేదు, ఏం చేయాలో చెప్పలేదు. మేం ఇంకెవరి దగ్గరికి వెళ్లాలి?

మూర్తి: నాకూ కడుపుమంట ఉందమ్మా. మా తమ్ముడు హోటల్లో వంట మాస్టరు. నరాలు మొద్దుబారి నొప్పి తెలిసేది కాదు. ఇంట్లోవాళ్లు తేనె రాసి కట్టు కడితే, ఆ కాలితోనే పొయ్యి దగ్గర నిలబడ్డాడు. పైన మానినట్టే కనిపించింది, లోపల చీము ఎముకదాకా పోయింది. మోకాలి కింద తీసేశారు. మీ అమ్మగారు నడిచేవారా?

లక్ష్మి: మంచం దిగనిస్తేగా! చీమలు పట్టకుండా మంచం కోళ్ల కింద నీళ్ల గిన్నెలు పెట్టాం. కట్టు జారుతుందని కాలు కింద పెట్టనివ్వలేదు.

మూర్తి: అదే నేననేది. బరువు పడలేదు కాబట్టి మానింది.

లక్ష్మి: తేనె పని చేయలేదని ఎలా అంటారు? పైగా కాలు దించొద్దని ఏ డాక్టరూ చెప్పలేదు. ఆ తేనె కట్టు కోసమే మేం దించనివ్వలేదు.

మూర్తి: డాక్టరు చెప్పకపోవడం తప్పే. ఆ మాట ఒప్పుకుంటాను, తేనెను ఒప్పుకోను. శ్రీనూ, పుండు మీద బరువు పడకుండా కాస్ట్ (పిండికట్టు లాంటిది) వేస్తారు, కాలికి రక్తం సరిగా అందుతోందో కూడా చూస్తారు. ఈ రెండూ అడిగారా?

శ్రీను: ఎవరూ చెప్పలేదండీ. నాన్న టీనగర్ కొట్లో పొద్దున్నుంచీ నిలబడే ఉంటారు.

లక్ష్మి: ఇంకా కొట్టుకి పంపుతున్నావా? ముందు ఆయన్ని ఇంట్లో కూర్చోబెట్టు నాయనా.