వెదరింగ్‌ని తెలుగులో ‘మాపడం’ అనొచ్చా?

స్కేల్ మోడల్స్ కడుతుంటాను. ఇప్పుడు బల్ల మీద 1/72 స్కేల్ (అంటే అసలులో 72వ వంతు) ఎఫ్-14 టామ్‌క్యాట్ ఉంది, విమానవాహక నౌకల మీంచి ఎగిరిన అమెరికా యుద్ధవిమానం. అసలుది 19 మీటర్ల పైచిలుకు పొడవు, నాది 26 సెంటీమీటర్లు దాటి కాస్త. అతికించడం, ప్రైమర్, రంగు అన్నీ అయ్యాక, ఇప్పుడే డబ్బాలోంచి తీసిన బొమ్మలా కాకుండా నిజంగా ఎగిరిన విమానంలా కనబడటానికి చేసే పనిని వెదరింగ్ అంటాం. దీనికి తెలుగులో ఏమనాలి? ‘వాతావరణానికి గురిచేయడం’ అని ఒకరు చెప్పారు గానీ, అది వింటే మోడల్‌ని తీసుకెళ్ళి ఎండలో పడేసినట్టుంది. ‘శైథిల్యం’ అంటే కోట గోడ కూలినట్టుంది.

— అంత ఆలోచన ఎందుకండీ, ‘మసిపూసి మారేడుకాయ చేయడం’ ఉండనే ఉందిగా :)

— నవ్వొచ్చింది గానీ, నిజానికి పనికి చాలా దగ్గరగా ఉందండీ. పొగగొట్టం వెనక మేం రుద్దేది నల్లటి పొడి రంగే, అంటే మసే. కాకపోతే సామెతలో మోసం ఉంది, ఉన్నదాన్ని ఇంకోటని నమ్మించడం ఉంది (ఏ కాయకి పూశారో మాత్రం సామెత చెప్పదు). ఇక్కడ చూసేవాళ్ళకి అది ప్లాస్టిక్ అని తెలుసు, నేనూ దాచట్లేదు.

— ‘పాతబరచడం’ అంటే సరిపోదా?

— సరిపోదండీ, నా గొడవంతా అక్కడే. విమానవాహక నౌక మీద ఉండే విమానం కొత్తదైనా మురికిగానే ఉంటుంది. ఉప్పు గాలి లోహాన్ని తినేయకుండా సిబ్బంది ఎక్కడికక్కడ రంగు పూసేస్తారు, ఆ పూసిన బూడిదరంగు పక్కదానితో కలవదు. దూరం నుంచి చూస్తే ఒళ్ళంతా మాసికలు వేసిన చొక్కాలా ఉంటుంది. అది ముసలితనం కాదు, వాడకం.

తిప్పి తిప్పి చూస్తే నాకు అర్థమైంది ఏమిటంటే, ఇంగ్లీషువాడు అన్నిటినీ ఒకే గంపలో వేశాడు, మనకి ఒక్కోదానికి ఒక్కో మాట ఉంది. ఎండకి రంగు వెలుస్తుంది (వాన వెలిసింది అన్నప్పుడూ ఇదే మాట, గమ్మత్తుగా లేదూ). ఇంజన్ వెనక పొగచూరుతుంది. నూనె కారి చారలు కడుతుంది. అంచుల దగ్గర రంగు పెచ్చులూడుతుంది. టామ్‌క్యాట్‌కి ప్రత్యేకం ఇంకొకటుంది: దాని రెక్కలు 20 డిగ్రీల నుంచి 68 డిగ్రీల దాకా వెనక్కి మడుచుకుంటాయి, ప్రతిసారీ రెక్క మొదలు శరీరం అంచు కింద ఒరుసుకుంటూ పోతుంది కాబట్టి అక్కడ మురికి వంపు తిరిగిన చారలుగా పడుతుంది. దీనికి ‘ఒరిపిడి’ కంటే మంచి మాట ఏ భాషలోనైనా ఉందా అని నా అనుమానం. ఈ మాటలు తెలిస్తే పని కూడా బాగుపడుతుంది. ‘వెదరింగ్ చేయాలి’ అనుకుంటే చేయి ఎటు పడితే అటు పోతుంది, ‘ఇక్కడ ఒరిపిడి’ అనుకుంటే కుంచె దానంతటదే వంపు తిరుగుతుంది.

— తుప్పు మర్చిపోయారు.

— మర్చిపోలేదు, కావాలనే వదిలేశాను. తుప్పు ఇనుముకి పడుతుంది. విమానం పైరేకు చాలావరకు అల్యూమినియం, దాని మీద ఎర్రటి తుప్పు గీస్తే యుద్ధట్యాంకుల మోడల్స్ కట్టేవాడు దారి తప్పి వచ్చాడని నవ్వుతారు. పెచ్చు ఊడినచోట వెండి రంగు కనబడాలి, అదీ ముక్కు మీద కాదు, ఎందుకంటే ముక్కు భాగం లోహం కాదు, లోపల రాడార్ ఉంటుంది. ఇంకోటి, 1/72లో అర మిల్లీమీటరు పెచ్చు అంటే అసలు విమానం మీద 36 మిల్లీమీటర్ల మచ్చ. వెండి రంగులో ముంచిన స్పాంజితో రెండుసార్లు అద్దేసరికి విమానం మొత్తం బొల్లి వచ్చినట్టు తయారవుతుంది.

— మరి అన్నిటికీ కలిపి ఒక్క మాట కావాలంటే? ‘మాయడం’ ఉంది కదండీ. చొక్కా మాసింది, గడ్డం మాసింది.

— అదే! మాయడం దానంతటది జరిగేది, మనం చేస్తే ‘మాపడం’. “కొత్త చొక్కా మాపుకొచ్చాడు” అంటాంగా. మేం చేసేది అచ్చంగా ఇదే.

— చిన్న అభ్యంతరం. మాపడానికి చెరిపేయడం అనే అర్థం కూడా ఉంది, “కాలమే గాయాన్ని మాపుతుంది” అంటాం. మురికి పట్టించడానికీ, మచ్చ పోగొట్టడానికీ ఒకటే మాటైతే అయోమయం కాదా?

— బాగా పట్టుకున్నారు, కానీ మా పనికి ఆ రెండో అర్థం కూడా కలిసొస్తుందండీ. విమానం పైరేకు పలకల మధ్య ఉండే గీతల్లో దింపడానికి పల్చటి నల్లరంగు పూస్తాం, దాన్ని ఇంగ్లీషులో ‘వాష్’ అంటారు, అంటే మురికి పట్టించడానికి కడగడం అని పేరు పెట్టారు! దానిముందు మన అయోమయం ఎంత? పైగా పూశాక సగం తుడిచేస్తాం, రెక్క ముందు అంచు నుంచి వెనక్కి, గాలి పోయే దిశలో. గీతలో ఉన్నది మిగలాలి, పైనున్నది మాయం కావాలి. అంటే మురికి పట్టించడమూ మాపడమే, తుడిచేయడమూ మాపడమే.

అయితే వాష్‌కి ముందు గ్లాస్ (gloss) కోట్, అంటే మెరిసే నునుపు పూత, వేయడం మర్చిపోవద్దు. నునుపు మీద రంగు గీత వెంట దానంతటదే పాకుతుంది, మ్యాట్ (మెరుపులేని గరుకు పూత) మీదైతే ఎక్కడ పడితే అక్కడ ఇంకిపోతుంది. పోయినసారి ఓపిక లేక నేరుగా మ్యాట్ మీద పూసేశాను. ఎడమ రెక్క మొత్తం కమిలిన చర్మంలా నల్లగా మచ్చలు కట్టింది, ఎంత తుడిచినా రాలేదు, చివరికి రంగంతా తీసి మళ్ళీ వేశాను. దాన్ని మాపడం అనరు, పాడుచేయడం అంటారు.

— సరే, నా ఓటు మాపడానికే. ఒరిపిడి మాత్రం వదలకండి.

— వదల్ను. నిన్న ఇంట్లో ఏం చేస్తున్నావని అడిగితే “రెక్కలు మాపుతున్నా” అన్నాను. ఎప్పుడూ వచ్చే “అంటే ఏంటి?” ఈసారి రాలేదు, “బల్ల మాపకు” అన్నారంతే.