ట్రింకోమలీని కట్టింది ఎవరు?

తెరచాప: 1817లో బొంబాయి రేవులో జంషెడ్జీ బొమన్‌జీ వాడియా కట్టిన యుద్ధనౌక ట్రింకోమలీ ఇంగ్లండులోని హార్టిల్‌పూల్‌లో ఇప్పటికీ నీటి మీదే ఉంది. చెక్కుచెదరని మలబారు టేకు! ఈ పేరు మన పాఠాల్లో ఎందుకు లేదు?

నక్షా: 1990 నుంచి 2001 దాకా మరమ్మతు చేస్తే తప్ప నిలవని ఓడ చెక్కుచెదరనిదా? అయినా ఆ నమూనా ఆయనది కాదు. బ్రిటన్ పట్టుకున్న హెబె అనే ఫ్రెంచి ఓడ దానికి మూలం. నక్షాలు ఇంగ్లండు నుంచి రావాలి. వాటిని తెస్తున్న జావా అనే బ్రిటిష్ ఓడ 1812లో అమెరికన్లకు చిక్కితే, మరో ప్రతి పంపాల్సి వచ్చింది. కాగితం లేకపోతే పని లేదు.

తెరచాప: కాగితం సముద్రం మీద తేలదు నక్షా గారూ. ఓక్ కర్రలోని ఆమ్లం ఇనుప మేకులను తినేస్తుంది, టేకులోని నూనె కాపాడుతుంది. 1736లో లవ్జీ వాడియా సూరత్ నుంచి బొంబాయికి వచ్చింది మొదలు ఆ కుటుంబానికి కర్ర గురించి తెలిసినంత ఏ నక్షాలో ఉంది?

గోదారిగట్టు: అదే జంషెడ్జీ 1813లో కట్టిన కార్న్‌వాలిస్ అనే యుద్ధనౌక మీదే, నల్లమందు యుద్ధానికి ముగింపుగా, 1842లో బ్రిటిష్‌వాళ్లు చైనా చేత నాన్‌కింగ్ ఒప్పందం మీద సంతకం పెట్టించారు. దానికీ గర్వపడదామా?

తెరచాప: అది వేరే చర్చ. కొత్తగా మొదలుపెట్టుకోండి.

నక్షా: మలబారు టేకును ఎవరూ కాదనలేదు. ఇరవై రెండేళ్లు నేను ఓడల డ్రాయింగులు గీశాను. జలప్రవేశం రోజున కొబ్బరికాయ కొట్టినవారి ఫొటో పత్రికలో వచ్చింది. గీసిన మాకు వేదిక ముందు కుర్చీ కూడా వేయలేదు. కట్టినవాడి పేరొక్కటే మిగలడం నాకు కొత్త కాదు.

తెరచాప: మీకు కుర్చీ దొరకలేదు. మా నాన్నకు ఆ ఆవరణలోకి రానివ్వడమే గొప్ప. తాళ్లరేవులో ఓడ వడ్రంగి. ఒక కన్ను మూసి పలక వంపు చూసి, బాడిసతో రెండు దెబ్బలు వేస్తే అతుకు కుదిరేది. ఒక ఇంజనీరు వచ్చి, నా ఎదుటే, "కొలతలు ఎక్కడ రాసుకున్నావు? చదువు వచ్చా?" అన్నాడు. నాన్న జవాబు చెప్పలేదు. బాడిస కింద పెట్టేశాడు.

నక్షా: ఆ ఇంజనీరును నేను కాదు.

తెరచాప: "కాగితం లేకపోతే పని లేదు" అన్నది మీరే.

కొత్తసభ్యుడు: హార్టిల్‌పూల్‌లో ఓడ లోపలికి వెళ్లాలంటే టికెట్ ఉంటుందా?