ఎలక్ట్రిక్ సైకిల్ సైకిలేనా?

బీచ్‌రోడ్ రైడర్:
మా ఆదివారం సైకిల్ గ్రూపులో ఒక పెద్దాయన ఉన్నారు. అరవై దాటాయి, మోకాళ్ల నొప్పులు. ఈ మధ్య ఎలక్ట్రిక్ సైకిల్ కొనుక్కుని సింహాచలం ఘాట్ మాతో పాటే ఎక్కారు. సాయంత్రానికల్లా వాట్సాప్‌లో గొడవ, "మోటార్ బళ్లకి ఇక్కడ చోటు లేదు" అని. ఆయన ఒక్క ముక్క అనకుండా గ్రూపులోంచి వెళ్లిపోయారు. ఇదేం న్యాయం?

పాతచైను:
ఈ గొడవ కొత్తదేం కాదండీ. ముందు పెద్ద చక్రం, వెనక చిన్న చక్రం ఉండే పాతకాలం సైకిల్ పెన్నీ ఫార్తింగ్‌కి పెడల్స్ ముందు చక్రానికే బిగించి ఉండేవి. పెడల్ ఒక చుట్టు తిరిగితే చక్రమూ ఒక్క చుట్టే. వేగం కావాలంటే చక్రం పెంచుకుంటూ పోవాలి, కాళ్లు అందినంత వరకు. రాయి తగిలితే మనిషి హ్యాండిల్ మీంచి తలకిందులుగా పడేవాడు. 1885లో కోవెంట్రీలో జాన్ కెంప్ స్టార్లీ వెనక చక్రానికి చైను పెట్టి రోవర్ సేఫ్టీ అనే సైకిల్ తెస్తే, పెద్ద చక్రం వీరులకి అది ఆనలేదు. 1889లో బెల్‌ఫాస్ట్ రేసుకి విలీ హ్యూమ్ డన్‌లప్ గాలి టైర్లతో వస్తే జనం నవ్వారు. గెలిచింది ఆయనే. ఇక టూర్ దె ఫ్రాన్స్ మొదలుపెట్టిన దెగ్రాంజ్ అయితే గేర్లు నలభై అయిదు దాటినవాళ్లకే అనేవాడు. ఆ రేసులో డీరేలియర్ గేర్లకి, అంటే చైనుని ఒక పళ్లచక్రం మీంచి ఇంకోదాని మీదికి జరిపే గేర్లకి, 1937లో గానీ అనుమతి రాలేదు. మీ పెద్దాయనకి అరవై కాబట్టి దెగ్రాంజ్ కూడా పాస్ చేసేవాడే!

లెక్కలమాస్టారు:
కథ బాగుంది, పోలిక మాత్రం కుదరలేదు. చైను, గేరు, గాలి టైరు ఏవీ సొంతంగా శక్తినివ్వవు. కాలి బలాన్నే వృథా కాకుండా వాడతాయి. మోటారు బ్యాటరీ నుంచి బలం తెచ్చి కలుపుతుంది. పెడల్స్ ఉన్నాయంటారా, లూనా మోపెడ్‌కీ ఉండేవి. దాన్ని సైకిల్ అన్నామా?

పాతచైను:
లూనాతో బాగానే కొట్టారు మాస్టారూ. మరి దీనికేమంటారు? 1933లో ఫ్రాన్సిస్ ఫోర్ పడుకుని తొక్కే సైకిల్ మీద గంటలో 45.055 కిలోమీటర్లు వెళ్లి, 44.247 పాత రికార్డు కొట్టేశాడు. మోటారు లేదు, బ్యాటరీ లేదు, అంతా కాలి బలమే. అయినా మరుసటి ఏడాదే అంతర్జాతీయ సైక్లింగ్ సమాఖ్య సైకిల్ అంటే ఏమిటో రూల్ రాసి దాన్ని బయటికి నెట్టింది. శక్తి లెక్క ఒక సాకు, అంతే.

లెక్కలమాస్టారు:
అది రేసు. రేసుకి ఎక్కడో ఒకచోట గీత గీయక తప్పదు.

గీత గారి అబ్బాయి:
సరే, ఆదివారం టిఫిన్ రైడ్‌కి గీత ఎందుకు సార్? గీయాల్సిందే అంటే థ్రాటిల్ దగ్గర, అంటే తొక్కకుండానే బండిని నడిపించే యాక్సిలరేటర్ దగ్గర గీయండి. యూరప్ రూలు అదే. మోటారు 250 వాట్లు దాటకూడదు, పెడల్ తొక్కితేనే సాయం చేయాలి, గంటకి 25 కిలోమీటర్లు రాగానే ఆగిపోవాలి. రిజిస్ట్రేషన్ అక్కర్లేకుండా ఉండాలంటే మన దగ్గరా ఇవే అంకెలు, కాకపోతే థ్రాటిల్ ఉన్నా చెల్లుతుంది. అందుకే చిన్న స్కూటర్లూ ఆ సందులోంచి దూరిపోతున్నాయి.

బీచ్‌రోడ్ రైడర్:
ఆయన బండికి థ్రాటిల్ ఉంది. కానీ ఘాట్‌లో నేను వెనకే ఉన్నా, ఆయన తొక్కడం ఆపలేదు. పైకి చేరేసరికి చొక్కా తడిసి ముద్దయింది.

లెక్కలమాస్టారు:
అయితే ఫోన్ చేసి రమ్మనండి. రైడ్‌లు, టైమింగ్‌లు నమోదు చేసే స్ట్రావా యాప్‌లో మాత్రం ఈ-బైక్ రైడ్ అని పెట్టమని చెప్పండి. ఆ ఘాట్‌లో నా టైమింగ్ ఆయన కొట్టేస్తే ఊరుకోను.