82 ఏళ్ల అమ్మకు మళ్లీ ఫిస్ట్యులానా, ఉన్న కాథెటరే చాలా?

ప్రశ్న:
మా అమ్మగారికి 82 ఏళ్లు. వారానికి మూడుసార్లు హీమోడయాలసిస్ జరుగుతోంది. ఎడమచేతికి వేసిన ఫిస్ట్యులా (డయాలసిస్ కోసం ధమనిని సిరతో కలిపే ఏర్పాటు) రక్తం గడ్డకట్టి మూసుకుపోవడంతో, మెడ దగ్గర పెట్టిన దీర్ఘకాలిక కాథెటర్ గొట్టం పర్మ్‌క్యాత్‌తోనే నెట్టుకొస్తున్నాం. గుండె కూడా బలహీనంగా ఉంది. కుడిచేతికి మళ్లీ ఆపరేషన్ చేయించమని బంధువులు ఒత్తిడి చేస్తున్నారు, అమ్మ మాత్రం వద్దంటున్నారు. కాథెటర్‌ను ఇలాగే ఉంచేయడం ప్రమాదమా?

సమాధానం (నెఫ్రాలజిస్ట్):
రక్తంలో ఇన్ఫెక్షన్ వచ్చే అవకాశం తక్కువ కాబట్టి వీలైనంతవరకు ఫిస్ట్యులాయే మేలని మేమందరం చెబుతాం. కానీ అది సూదులు గుచ్చడానికి తయారయ్యేందుకే సాధారణంగా రెండు మూడు నెలలు పడుతుంది. నాళాలు సన్నబడి గట్టిపడిన పెద్దవాళ్లలో కొందరికి ఎన్నటికీ తయారు కాదు. పైగా ధమని రక్తం నేరుగా సిరలోకి మళ్లడం వల్ల గుండెపై భారం పెరుగుతుంది కనుక, ఎకో పరీక్ష ఫలితం చూడకుండా రెండో ఆపరేషన్‌కు తొందరపడకండి. 2019లో సవరించిన అమెరికా నేషనల్ కిడ్నీ ఫౌండేషన్ వారి కేడీఓక్యూఐ మార్గదర్శకాలు కూడా అందరికీ ఒకే కొలబద్ద పెట్టకుండా, ఆయుర్దాయాన్నీ, ఇతర జబ్బులనూ, రోగి ఇష్టాన్నీ కలిపి చూడమంటున్నాయి. కొందరికి దీర్ఘకాలిక కాథెటరే సరైన మార్గమని ఒప్పుకుంటున్నాయి. నా దృష్టిలో ఇక్కడ మీ అమ్మగారి మాటకే ఎక్కువ విలువ ఇవ్వాలి.

సమాధానం (డయాలసిస్ నర్సు):
కాథెటర్‌నే ఉంచాలనుకుంటే, అది ఎంతకాలం నిలుస్తుందన్నది చాలావరకు శుభ్రత మీదే ఆధారపడుతుంది. చర్మం కింద గొట్టానికి ఉన్న కఫ్ (చిన్న పట్టీ) చుట్టూ కొన్ని వారాల్లో కణజాలం అల్లుకుని, గొట్టాన్ని పట్టి ఉంచడమే కాక బయటి క్రిములను కూడా కొంతవరకు అడ్డుకుంటుంది. గొట్టం లోపలి దారికి మాత్రం ఆ రక్షణ లేదు. అందుకే మూత తీసే ప్రతిసారీ నర్సు, రోగి ఇద్దరూ మాస్కు పెట్టుకోవాలి, మూత తీశాక కొనను క్రిమినాశకంతో రుద్ది ఆరనివ్వాలి. సెలైన్ ఎక్కించడానికో, రక్తపరీక్షకో దాన్ని ఎవరినీ వాడనివ్వకండి. లోపల రక్తం గడ్డకట్టకుండా చేసే హెపారిన్ మందు నింపి ఉండవచ్చు. కట్టు తడవకూడదు. డయాలసిస్ మొదలైన కాసేపటికి చలి, వణుకు వస్తే వెంటనే సిబ్బందికి చెప్పండి. పెద్ద వయసువారిలో ఒక్కోసారి జ్వరం కనిపించకుండా మగతగా ఉండటం, మాట తడబడటం, బీపీ పడిపోవడం మాత్రమే ఉంటాయి. అవి కనిపించినా ఆలస్యం చేయవద్దు.

ప్రశ్న అడిగినవారు:
ఇద్దరికీ కృతజ్ఞతలు. ఈమధ్య మెషీన్ అలారం తరచూ మోగుతోంది, పక్కకు తిరిగి పడుకుంటే ఆగిపోతోంది. ఇదేమైనా సూచనా?

సమాధానం (నెఫ్రాలజిస్ట్):
గొట్టం కొన సిర గోడకు ఆనుకున్నా, దాని చుట్టూ ఫైబ్రిన్ (రక్తం గడ్డకట్టేటప్పుడు ఏర్పడే ప్రొటీన్) పొర కట్టినా అలా జరుగుతుంది. గడ్డను కరిగించే మందు కాథెటర్‌లో నింపి చూస్తారు, కుదరకపోతే గొట్టం మారుస్తారు. ముఖం గానీ, చెయ్యి గానీ వాస్తే మాత్రం ఛాతీలోని పెద్ద సిర ఇరుకైందేమో చూడాలి. వచ్చే డయాలసిస్ దాకా ఆగకుండా ఆ రోజే డాక్టరుకు చూపించండి.