సీఎన్‌సీ షాపులో కుర్రాళ్ళు నిలవడం లేదు. ట్రైనింగ్ ఎలా మొదలుపెట్టాలి?

ప్రశ్న – బాలానగర్, మెషిన్ షాపు యజమాని

అందరికీ నమస్తే. బాలానగర్‌లో మాది చిన్న మెషిన్ షాపు. నాలుగు సీఎన్‌సీ (కంప్యూటర్ ప్రోగ్రాంతో నడిచే) లేతులు, ఒక వీఎంసీ (నిలువు మిల్లింగ్ మెషిన్), నాన్నగారి కాలం నాటి మామూలు లేతులు రెండు. కాంట్రాక్టు వాళ్ళతో కలిపి 34 మందిమి. పంపు షాఫ్టులు, బుష్‌లు, హైడ్రాలిక్ ఫిట్టింగులు చేస్తాం.

ఏడాదిన్నరలో ఐటీఐ టర్నర్, ఫిట్టర్ చేసిన ఏడుగురిని తీసుకున్నా. ఇద్దరు మిగిలారు. కొంచెం చెయ్యి తిరగ్గానే పక్క గల్లీలో 1,500 ఎక్కువిస్తామంటే వెళ్ళిపోతున్నారు. ఉన్నవాళ్ళకేమో సెట్టింగు (మెషిన్‌ని జాబ్‌కి సిద్ధం చెయ్యడం) రావడం లేదు. మా మేస్త్రీ 26 ఏళ్ళుగా మాతోనే ఉన్నాడు, పనిలో ఆయనకి తిరుగులేదు. నేర్పమంటే మాత్రం "నాకెవరు చెప్పారు? చూసే నేర్చుకున్నా" అంటాడు.

పోయిన నెల 50 మి.మీ. డయా (వ్యాసం) షాఫ్టుల లాటు ఒకటి పోయింది. 120లో 43 అండర్‌సైజ్, అంటే ఉండాల్సిన కొలత కంటే సన్నం. టాలరెన్స్ (కొలతలో ఒప్పుకునే తేడా) మొత్తం 0.02 మి.మీ. నడిపిన కుర్రాడు ప్రతి పీసుకీ మైక్రోమీటర్ పెట్టాడు, రీడింగులు రాశాడు. అన్నీ లిమిట్‌లోనే ఉన్నాయి, కింది వైపుకి కాస్త దగ్గరగా. మర్నాడు పొద్దున క్వాలిటీలో కొలిస్తే తక్కువొచ్చాయి. వాడు అబద్ధం రాశాడని నేననుకోను.

నా సందేహాలు మూడు. వీళ్ళని బయట కోర్సుకి పంపాలా, లోపలే నేర్పించాలా? అప్రెంటిస్‌లుగా తీసుకుంటే స్టైపెండులో ప్రభుత్వం వాటా ఇస్తుందంటున్నారు, నిజమేనా? నేర్చుకున్నాక వెళ్ళిపోకుండా బాండు రాయించుకోవచ్చా?

జవాబు – ఐటీఐలో టర్నర్ ట్రేడ్ నేర్పి రిటైరైన ఇన్‌స్ట్రక్టర్

బాబూ, ముందు ఆ 43 షాఫ్టుల సంగతి చూద్దాం. మీరడిగిన మొదటి ప్రశ్నకి జవాబు అక్కడే ఉంది.

కుర్రాడు అబద్ధం రాయలేదని నాకూ అనిపిస్తోంది. పీసు వేడి మీద కొలిచి ఉంటాడు. ఉక్కు ఒక డిగ్రీ వేడెక్కితే మీటరుకి సుమారు 11.5 మైక్రాన్లు (మైక్రాను అంటే మి.మీ.లో వెయ్యో వంతు) సాగుతుంది. 50 డయా షాఫ్టు 20 డిగ్రీలు వేడిగా ఉందంటే దాదాపు 0.0115 ఎక్కువ చూపిస్తుంది. మీ టాలరెన్సే 0.02. వేడి మీద కింది లిమిట్ దగ్గరున్న పీసు చల్లారేసరికి అండర్‌సైజ్ అయిపోతుంది. రోజులో ఏ వేళ చేసిన పీసులు పోయాయో, అప్పుడు కూలెంట్ (చల్లబరిచే ద్రవం) సరిగా పడుతోందో లేదో చూడండి, తేలిపోతుంది.

ఇప్పుడు మీ మేస్త్రీ పక్కన ఒక పూట నిలబడండి. ఫినిష్ కట్ అవగానే ఆయన పీసు తీసి ట్రేలో పెడతాడు. చక్ జాలు (పీసుని పట్టుకునే దవడలు) గుడ్డతో తుడుస్తాడు, తర్వాతి పీసు కడతాడు, సైకిల్ స్టార్ట్ నొక్కుతాడు. ఆ తర్వాతే చేతికి చల్లగా తగిలిన పాత పీసు తీసుకుని మైక్రోమీటర్ పెడతాడు. ఎందుకని అడిగితే "అలవాటు" అంటాడు. దాచిపెట్టాలని కాదు. తాను చేస్తున్న ఆ చిన్న పని ఆయన కంటికే ఆనదు. చూసి నేర్చుకొమ్మంటే కుర్రాడు చూసింది కొలవడం. కొలిచే ముందు ఆగడం వాడు చూడలేదు. జాలు తుడవకపోతే చిప్ కింద ఇరుక్కుని ఫేస్ రనౌట్ (పీసు ముఖం వంకరగా తిరగడం) వస్తుందని కూడా వాడికి ఎవరూ చెప్పి ఉండరు.

అందుకే నా మాట, మొదటి ట్రైనింగ్ కుర్రాళ్ళకి కాదు, మీ మేస్త్రీకి. పని నేర్పడం కాదు, పని ఎలా నేర్పాలో నేర్పడం.

ఇదేం కొత్త విద్య కాదు. రెండో ప్రపంచ యుద్ధ కాలంలో, 1940లో అమెరికాలో ట్రైనింగ్ వితిన్ ఇండస్ట్రీ అని మొదలుపెట్టారు. చేయి తిరిగిన పనివాళ్ళు యుద్ధానికి వెళ్ళిపోతుంటే, మెషిన్ ముఖం చూడని వాళ్ళకి త్వరగా పని నేర్పాల్సి వచ్చింది. యుద్ధం అయ్యాక అదే పద్ధతి జపాన్ కర్మాగారాలు అందుకున్నాయి. అందులో నేర్పే వరస నాలుగు మెట్లు. కుర్రాడిని కుదురుగా నిలబెట్టి వాడికి ఇప్పటికే ఎంత వచ్చో కనుక్కోవడం. చేసి చూపిస్తూ, ఒక్కో అడుగూ నోటితో చెప్పడం. ఆ తర్వాత వాడి చేత చేయిస్తూ, ఎందుకలా చేస్తున్నాడో వాడి నోటితోనే చెప్పించడం. చివరికి వాడిని మెషిన్ మీద వదిలి, మొదట గంటగంటకీ, తర్వాత పూటపూటకీ వెళ్ళి చూడటం. మనవాళ్ళు రెండో మెట్టు సగంలోనే ఆపేస్తారు. నా అనుభవంలో అసలు నేర్చుకోవడం జరిగేది మూడో మెట్టులో. "జాలు తుడవాలి" అని కుర్రాడు అన్నాడని సరిపెట్టుకోకండి. "తుడవకపోతే ఏమవుతుంది?" అని అడగండి. నీళ్ళు నమిలాడంటే వాడికి ఇంకా రాలేదన్నమాట.

దీనికి ముందు ఒక కాగితం తయారు కావాలి. ఒకే ఒక్క పని తీసుకోండి, ఉదాహరణకి ఆ షాఫ్టు ఫినిషింగ్. మూడు గడులు గీయండి. మొదటిదాంట్లో అడుగు, రెండోదాంట్లో ఆ అడుగులో కీలకం, మూడోదాంట్లో ఎందుకు. "పీసు కొలవాలి" అనేది అడుగు. "చల్లారాక కొలవాలి" కీలకం. "వేడి మీద 0.01 పైనే తేడా వస్తుంది" అనేది ఎందుకు. ఇది మేస్త్రీని కూర్చోబెట్టి రాయమంటే రాయలేడు. ఆయన పని చేస్తుంటే మీరు పక్కన నిలబడి రాసుకోండి, మధ్యలో ఆపి అడగండి. మొదటి కాగితానికి ఒక పూటంతా పడుతుంది. ఆయన పేరు కాగితం మీద పైన రాయండి. పాతికేళ్ళ పనిని ఎవరో కూర్చుని రాసుకుంటున్నారంటే ఆ మనిషికి కలిగే గౌరవం చిన్నది కాదు. "నాకెవరు చెప్పారు" అనే మాట అక్కడితో మెత్తబడుతుంది.

ఇక బయట కోర్సుల మాట. ప్రోగ్రామింగ్, టూలింగ్ లాంటివి మీ దగ్గర నేర్పేవాళ్ళు లేకపోతే పంపండి. సెంట్రల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టూల్ డిజైన్ మీ బాలానగర్‌లోనే ఉంది, 1968 నుంచి నడుస్తోంది, సీఎన్‌సీ మీద తక్కువ కాలం కోర్సులూ ఉంటాయి. కానీ మీ షాపు జాబ్, మీ మెషిన్, మీ కొలతలు మీ షాపులోనే నేర్పాలి.

జవాబు – జీడిమెట్ల, కంపెనీలో పర్సనల్ విభాగం

అప్రెంటిస్‌ల గురించి నేను చెప్తాను, పదేళ్ళుగా ఆ ఫైళ్ళు చూస్తున్నా.

1961 అప్రెంటిస్ చట్టం ప్రకారం 30 మంది, ఆపైన ఉన్నచోట అప్రెంటిస్‌లని తీసుకోవడం తప్పనిసరి. కాంట్రాక్టు వాళ్ళూ లెక్కలోకి వస్తారు. మొత్తం మందిలో 2.5 శాతం నుంచి 15 శాతం వరకు. మీరు 34 మంది కాబట్టి మీకిది ఇష్టముంటే చేసేది కాదు, చెయ్యాల్సిందే. 15 శాతం లెక్కన ఐదుగురి దాకా తీసుకోవచ్చు.

స్టైపెండులో వాటా నిజమే. 2016లో మొదలైన నేషనల్ అప్రెంటిస్‌షిప్ ప్రమోషన్ స్కీం కింద, నిర్ణయించిన స్టైపెండులో 25 శాతం, నెలకి 1,500 మించకుండా కేంద్రం ఇస్తుంది. ఆ డబ్బు ఇప్పుడు నేరుగా కుర్రాడి ఖాతాలోనే పడుతుంది. మిగతాది మీరు బ్యాంకు ద్వారా వెయ్యాలి. కనీస స్టైపెండు చదువుని బట్టి మారుతుంది. 2019 నియమాల్లో అది 5,000 నుంచి 9,000 దాకా ఉండేది. కాంట్రాక్టు రాసే రోజున అప్రెంటిస్‌షిప్ ఇండియా పోర్టల్‌లో ఉన్న రేటే వెయ్యండి. అది కనీసం మాత్రమే. హైదరాబాదులో గది అద్దె కట్టుకుని ఉండే కుర్రాడికి కనీసం ఇచ్చి ఏడాది నిలబెట్టడం కష్టం, నా మాట నమ్మండి.

పేపర్ పని అనుకున్నంత లేదు. పోర్టల్‌లో కంపెనీ నమోదు, ట్రేడ్ ఎంచుకోవడం, కుర్రాడితో కాంట్రాక్టు, అది రిజిస్టర్ అవడం. చివర్లో పరీక్ష పాసైతే వాడికి నేషనల్ అప్రెంటిస్‌షిప్ సర్టిఫికెట్ వస్తుంది.

జాగ్రత్త పడాల్సినది వేరే ఉంది. చట్టం దృష్టిలో అప్రెంటిస్ పనివాడు కాదు, నేర్చుకునేవాడు. పీఎఫ్, ఈఎస్ఐ వర్తించవు. కానీ పనిలో దెబ్బ తగిలితే పరిహారం యజమానే ఇవ్వాలి, 16వ సెక్షన్ చదవండి. ఈఎస్ఐ లేదు కదా అని వదిలెయ్యకుండా ప్రమాద బీమా తీసుకోండి. అప్రెంటిస్‌షిప్ అడ్వైజర్ అనుమతి లేకుండా వాళ్ళ చేత ఓవర్‌టైం చేయించకూడదు. డిస్పాచ్ ఉందని లోడింగుకి పంపకండి. కొన్నిచోట్ల ఇదే జరుగుతోంది. ఏడాది తర్వాత ఆ పిల్లలు సర్టిఫికెట్ పరీక్షలో వెర్నియర్ పట్టుకోలేక నిలబడుతుంటే చూడలేం.

ప్రశ్న – విజయవాడ ఆటోనగర్

సార్, మా షాపులో 12 మందే. మాకు వర్తిస్తుందా?

జవాబు – జీడిమెట్ల

తప్పనిసరి కాదండీ. కానీ 4 నుంచి 29 మంది ఉన్నవాళ్ళు ఇష్టముంటే తీసుకోవచ్చు. స్టైపెండు వాటా మీకూ వస్తుంది.

జవాబు – చర్లపల్లి, ఫ్యాబ్రికేషన్ యూనిట్

అన్నా, బాండు సంగతి నేను చెప్తా. నేను రాయించుకున్నా. ఇద్దరు వెల్డర్ల దగ్గర రెండేళ్ళకి. ఒకడు ఎనిమిది నెలలకే వెళ్ళిపోయాడు. లాయర్ని అడిగితే కాంట్రాక్టు చట్టం 74వ సెక్షన్ కింద కాగితం మీద రాసిన మొత్తం అంతా రాదు, నాకు నిజంగా ఎంత నష్టమో దాన్ని బట్టి సబబైనంతే వస్తుందన్నాడు. ట్రైనింగ్‌కి పెట్టిన ఖర్చుకి నా దగ్గర ఒక్క బిల్లూ లేదు. వదిలేశా. రెండోవాడు బాండు కోసం ఉన్నాడు, కానీ మనసు పెట్టి పని చెయ్యలేదు. కొందరు పిల్లల ఒరిజినల్ సర్టిఫికెట్లు బీరువాలో పెట్టుకుంటారు. అది మాత్రం చెయ్యకు అన్నా, తప్పు.

ఇప్పుడు నా షాపు గోడ మీద ఒక చార్టు ఉంది. పక్కన మనుషుల పేర్లు, పైన పనులు. ప్రతి గడిలో ఒక గుండ్రం. పని చూసినవాడికి పావు నింపుతా. పక్కన ఒకరుంటే చేసేవాడికి సగం. ఒంటరిగా చేస్తే ముప్పావు. ఇంకొకరికి నేర్పగలిగితే నిండు. ముప్పావు అయితే జీతం ఎంత పెరుగుతుందో, నిండితే ఎంతో చార్టు కిందే రాసి ఉంటుంది. చేరిన రోజే కుర్రాడికి చూపిస్తా. వెళ్ళేవాళ్ళు ఇప్పటికీ వెళ్తున్నారు. కానీ 1,500 కోసం గల్లీ మారేవాళ్ళు తగ్గారు, వచ్చే మూడు నెలల్లో తన జీతం ఎంతవుతుందో వాడికి కళ్ళ ముందే కనిపిస్తోంది కాబట్టి. ఇంకో లాభం, ఏ పనికి ఒక్కడే నిండు గుండ్రం ఉన్నాడో చూస్తే, వాడు సెలవు పెడితే ఏ మెషిన్ ఆగుతుందో ముందే తెలిసిపోతుంది.

జీడిమెట్ల సార్ చెప్పిన చట్టంలోనే, నేర్చుకున్నాక ఉద్యోగంలోకి ఎలా తీసుకుంటారో ప్రతి యజమానీ సొంత విధానం రాసుకోవాలని ఉంది. దాన్ని ఈ చార్టుతో కలిపి రాసుకో అన్నా.

ప్రశ్న వేసినవారు – మూడు వారాల తర్వాత

అందరికీ ధన్యవాదాలు. ఇన్‌స్ట్రక్టర్ గారూ, మీరన్నది నిజం. పోయిన పీసులన్నీ మధ్యాహ్నం పన్నెండు తర్వాతవే, ఆ మెషిన్ కూలెంట్ నాజిల్ పక్కకి తిరిగి ఉంది. మేస్త్రీ పక్కన ఆదివారం పూట నిలబడి రాసుకున్నా. మొదటి గంట చిరాకు పడ్డాడు. తర్వాత తనే "ఇది కూడా రాయి" అని ఆపి ఆపి చెప్పాడు. పోర్టల్‌లో నమోదయ్యాను, ముగ్గురిని తీసుకోబోతున్నా, బీమా మాట్లాడాను. ఒకటే ఇబ్బంది. షాఫ్టు ఫినిషింగ్ కాగితంలో అడుగులు 19, కీలకాలు 31 వచ్చాయి. కుర్రాడికి అప్పజెప్పడానికి ఇది ఎక్కువేమో?

జవాబు – రిటైర్డ్ ఇన్‌స్ట్రక్టర్

ఎక్కువే బాబూ. అది ఒక పని కాదు, మూడు పనులు కలిసిపోయాయి. పీసు కట్టడం ఒక కాగితం, ఆఫ్‌సెట్ (మెషిన్‌లో టూలు కొలత దిద్దుబాటు) సరిచెయ్యడం ఒక కాగితం, కొలవడం ఒక కాగితం చెయ్యండి. ఒక్కోదాంట్లో ఏడెనిమిది అడుగులు దాటనివ్వకండి. కొలవడంతో మొదలుపెట్టండి, మీకు నష్టం వచ్చింది అక్కడే. మొదటి రోజు మేస్త్రీ నేర్పుతుంటే మీరు పక్కన ఉండండి, కానీ మధ్యలో మాట్లాడకండి. కాగితంలో లేనిది ఆయన నోటి నుంచి ఏదొచ్చినా రాసుకోండి, సాయంత్రం కాగితంలో చేర్చండి.