కాకినాడలో షేర్ ఆటో ఎక్కే జనాన్ని ఎలా లెక్కపెట్టాలి?

మా కాకినాడ అంతా చదునే. సైకిలు తొక్కడానికి ఇంతకన్నా మంచి ఊరుంటుందా? అయినా భానుగుడి జంక్షన్‌లో ఫుట్‌పాత్ మీద బైకులు, జనం రోడ్డు మీద. నిన్న చేపల తట్టతో ఓ మామ్మ నడిరోడ్డులో నిలబడింది, జగన్నాథపురం ఆటో ఆగేది అక్కడే మరి. 2016లో ప్రకటించిన తొలి 20 స్మార్ట్ సిటీల్లో మన పేరూ ఉందిలెండి!

మా వీధివాళ్లం కలిసి అర్జీ పెడుతున్నాం. కదలాల్సింది మనుషులు, బళ్లు కాదని 2006 జాతీయ పట్టణ రవాణా విధానమే చెప్పింది. అందుకే మనుషుల లెక్క కావాలి. ఆటోలు ఆగకుండా పోతుంటే లోపల ఎందరున్నారో ఎలా రాసుకోవాలి? వారంలో ఏ రోజులు, ఎన్ని గంటలు నిలబడాలి? ఫుట్‌పాత్‌పై నడవడానికి కనీసం 1.8 మీటర్లు ఖాళీ ఉండాలని ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ వాళ్ల పాదచారుల మార్గదర్శకం, ఐఆర్‌సీ 103, అంటోంది. మేమే టేపుతో కొలిచి ఫొటోలు జతచేస్తే చెల్లుతుందా? ఆటోవాళ్ల పొట్ట కొట్టే ఉద్దేశం లేదు, వాళ్లకో స్టాపు కావాలంతే. ఇలాంటి సర్వే చేసినవాళ్లుంటే కాస్త చెప్పండి.