నెల్లూరు, ఒంగోలు ప్రాంతాల సైకిల్ దారుల వివరాలను స్థానిక సంస్థలతో కలిసి సేకరించడం ఎలా?

ప్రశ్న: పెన్నాగట్టు, నెల్లూరు

నమస్కారం. నెల్లూరులో రోజూ సైకిలు తొక్కే కొందరం, ఇంజనీరింగ్ విద్యార్థులు మరికొందరు కలిసి, కోవూరు, కావలి, కందుకూరు మీదుగా ఒంగోలు వరకు సైకిలుకు అనువైన దారులన్నీ ఒకే పటంలో చూపించాలని పని మొదలుపెట్టాం. పటం గీయడం మాకు కష్టం కాదు; క్యూజీఐఎస్ (పటాలు గీసే సాఫ్ట్‌వేర్) వాడటం బాగా తెలిసినవాళ్లు మాలో ఉన్నారు. చిక్కంతా వివరాల దగ్గరే వచ్చింది. మేము అడిగిన కార్యాలయాల్లో ఒకటి ఆటోక్యాడ్ డ్రాయింగు ఇచ్చింది, మరొకటి అంచనా పత్రం జిరాక్సు చేతిలో పెట్టింది, ఇంకొక చోట గోడకు వేలాడుతున్న పటాన్ని ఫోటో తీసి వాట్సాప్‌లో పంపారు. ఒక జాబితాలో దారి పేరు, దానికెదురుగా కిలోమీటర్ల సంఖ్య తప్ప మరేమీ లేదు. అది ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తుందో, రోడ్డుకు ఏ పక్కన ఉందో రాయలేదు. ఆ జాబితాలోని ఒక దారిని వెతుక్కుంటూ వెళితే, వెలిసిపోయిన ఆకుపచ్చ రంగు పట్టీ కనిపించింది గానీ, దాని మీద ఒక కొబ్బరి బోండాల బండి, ఆ వెనక ట్రాన్స్‌ఫార్మరు దిమ్మె ఉన్నాయి. దీన్ని ‘ఉంది’ అని రాయాలా, ‘లేదు’ అని రాయాలా అన్నదాని మీద మాలో మాకే వాదన పెరిగింది.

ఏ శాఖను ఏ పేరుతో అడిగితే సరైన కాగితం చేతికొస్తుంది? తలా ఒక రూపంలో ఇచ్చినదాన్ని ఒకే పట్టికలోకి తేవడానికి ఏ పద్ధతి పాటించాలి? ఇదంతా పూర్తయ్యాక, కొత్త రోడ్లు పడుతున్నకొద్దీ పటాన్ని సరిదిద్దే బాధ్యత ఎవరికి అప్పగించాలి? అనుభవం ఉన్న పెద్దలు వివరంగా చెప్పగోరుతున్నాను.

సమాధానం: కొలతలపుస్తకం, ఒంగోలు

పెన్నాగట్టు గారికి నమస్కారం. పురపాలక ఇంజనీరింగ్ విభాగంలో చాలాకాలం పనిచేసి విరమించినవాడిగా చెబుతున్నాను. ‘సైకిల్ బాటల వివరాలు ఇవ్వండి’ అని అడిగితే అక్కడ ఎవరికీ ఏ బీరువా తెరవాలో తోచదు, ఎందుకంటే ఆ పేరుతో రిజిస్టరు ఉండదు. సైకిల్ బాట సాధారణంగా ఫుట్‌పాత్ పనిలోనో, కాలువ కట్ట సుందరీకరణలోనో, పార్కు అభివృద్ధిలోనో ఒక అంశంగా కలిసిపోయి ఉంటుంది. అందువల్ల రోడ్ల రిజిస్టరు, మంజూరైన అంచనా, ఒప్పందానికి జతచేసిన ప్లాను, కొలతల పుస్తకంలోని సంబంధిత పుటలు కావాలని అడగండి. ఈ నాలుగింటిలోనూ నేను నమ్మేది కొలతల పుస్తకాన్నే. ఎం బుక్ అని మేము పిలిచే ఆ పుస్తకంలో, ఏ చైనేజి (రోడ్డు మొదలు నుంచి కొలిచిన దూరం) నుంచి ఏ చైనేజి వరకు, ఎంత వెడల్పున పని జరిగిందో ఎక్కించనిదే బిల్లు పాసు కాదు. అంచనాలో మూడు మీటర్లున్న బాట ఎం బుక్‌లో రెండు మీటర్లకు తగ్గి ఉంటే, నేల మీద మీకు దొరికేది రెండే.

ఎవరిని అడగాలన్నది రోడ్డు ఎవరిదన్నదాన్ని బట్టి ఉంటుంది. జాతీయ రహదారి 16, దాని సర్వీసు రోడ్లు జాతీయ రహదారుల ప్రాధికార సంస్థ కిందికి వస్తాయి. రాష్ట్ర రహదారులు, జిల్లా ప్రధాన రహదారులు ఆర్ అండ్ బి (రోడ్లు, భవనాల) శాఖవి, పల్లెలను కలిపే రోడ్లు ఎక్కువగా పంచాయతీరాజ్ ఇంజనీరింగ్ శాఖవి, పట్టణం లోపలి వీధులు మున్సిపాలిటీవి, సర్వేపల్లి కాలువ, జాఫర్ సాహెబ్ కాలువ వంటి వాటి కట్టలు జలవనరుల శాఖవి. ఊరి పొలిమేర దగ్గర అర కిలోమీటరు నడిచేలోపే ఇద్దరు ముగ్గురు యజమానులు మారతారు, పైగా కల్వర్టు ఎవరిదో తేలని చోట్లు కూడా ఉంటాయి. నెల్లూరు పట్టణాభివృద్ధి సంస్థ (నుడా), ఒంగోలు పట్టణాభివృద్ధి సంస్థ (ఔడా) ప్రణాళిక సంస్థలు. వాటి మాస్టర్ ప్లానులో గీసిన గీతను ప్రతిపాదనగానే తీసుకోండి, రోడ్డుగా తీసుకోవద్దు.

సమాచార హక్కు చట్టం 2005 ప్రకారం 30 రోజుల్లో జవాబు రావాలి గనుక ఆ దారి ఎప్పుడూ తెరిచే ఉంటుంది. అయినా మొదటి అడుగుగా అది వద్దని నా అభిప్రాయం. దరఖాస్తు పడగానే అడిగినంతవరకు ముక్తసరిగా జవాబు వస్తుంది. డ్రాయింగు బల్ల మీద పరచి ‘ఇక్కడ తూము అడ్డొచ్చి బాటను అవతలి పక్కకు మళ్లించాం’ అని చెప్పగలిగిన ఏఈ (అసిస్టెంట్ ఇంజనీరు) గారు ఆ తరువాత నోరు విప్పరు. కమిషనరు గారికి లేఖ ఇచ్చి, దాని మీద ఇంజనీరింగ్ విభాగానికి ఎండార్స్‌మెంటు (పంపుతున్నట్టు సంతకంతో కూడిన రాత) రాయించుకుని, ఆ ప్రతితో డీఈ (డిప్యూటీ ఎగ్జిక్యూటివ్ ఇంజనీరు) గారి దగ్గరికి వెళ్లండి. వార్డు సచివాలయాల్లోని అమెనిటీస్ కార్యదర్శులకు, గ్రామ సచివాలయాల్లోని ఇంజనీరింగ్ అసిస్టెంట్లకు తమ పరిధిలోని ప్రతి వీధీ తెలుసు కాబట్టి, క్షేత్ర పరిశీలనలో వారిని తప్పకుండా కలుపుకోండి.

సమాధానం: అక్షాంశం, కావలి

పై సమాధానంతో ఏకీభవిస్తూ, పట్టిక గురించి మాత్రం చెబుతాను. మీ వాదనకు మూలం రెండు ప్రశ్నలకు ఒకే గడిలో జవాబు రాయాలనుకోవడం. కాగితం మీద ఏ దశలో ఉందన్నది ఒక గడి: ప్రతిపాదన, మంజూరు, పని జరుగుతున్నది, పూర్తయినది. నేల మీద తొక్కగలమా లేదా అన్నది వేరే గడి. మొదటిది శాఖ చెప్పాలి, రెండోది మీరు వెళ్లి చూసి తేదీ వేయాలి. బోండాల బండి నిలిపిన బాట ‘పూర్తయినది, అడ్డంకి ఉన్నది’ అవుతుంది. తాత్కాలికమైన బండిని, కదలని ట్రాన్స్‌ఫార్మరు దిమ్మెను వేర్వేరుగా రాయండి, ఎందుకంటే ఒకదానిని తొలగించడం మున్సిపాలిటీ పని, మరొకదానిని మార్చడం విద్యుత్ శాఖ పని.

రకాలను కూడా ముందే తేల్చుకోవాలి. కాలిఫోర్నియాలో నాలుగు తరగతులున్నాయి: వాహనాలకు పూర్తిగా ఎడంగా సాగే బాట మొదటిది, రోడ్డు మీద గీతతో వేరుచేసిన వరుస రెండోది, బోర్డులు తప్ప ప్రత్యేక జాగా లేక వాహనాలతో కలిసి సాగే దారి మూడోది, రోడ్డును ఆనుకునే ఉన్నా దిమ్మెలతోనో ఎత్తైన అంచుతోనో విడదీసినది నాలుగోది. ఈ చివరిది 2014 నాటి చట్టంతో చేరింది. శాన్‌ఫ్రాన్సిస్కో చుట్టూ ఉన్న 9 కౌంటీల, 101 పట్టణాల వివరాలను ఒక ప్రాంతీయ సంస్థ ఒక్కచోట పెట్టవలసి వచ్చినప్పుడు, ఇలా అందరికీ ఒకే తరగతులుండటం పనిని చాలా తేలిక చేస్తుంది. మన దగ్గర ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ 1962లోనే సైకిల్ బాటలకు ఐఆర్‌సీ 11 అనే ప్రమాణాన్ని వెలువరించి, 2015లో సవరించింది. దాన్ని దగ్గర పెట్టుకోండి గానీ, ప్రమాణానికి తగ్గిన బాటను పటంలోంచి తీసేయవద్దు; టేపుతో కొలిచిన అసలు వెడల్పు రాస్తే సరిపోతుంది. కొలిచేటప్పుడు స్తంభాన్ని, కాలువ మూత లేచిన చోటును మినహాయించి, సైకిలు హ్యాండిలు నిజంగా దూరే వెడల్పునే కొలవాలి.

పొడవు దగ్గర మరొక తిరకాసు ఉంది. రెండు పక్కలా బాట ఉన్న కిలోమీటరు రోడ్డును ఒక కార్యాలయం 1 కిలోమీటరు అంటుంది, మరొకటి 2 అంటుంది, రెండూ తప్పు కావు. అందుకే ఎడమ పక్కను, కుడి పక్కను వేర్వేరు నమోదులుగా పెట్టి, మొత్తం చెప్పేటప్పుడు రోడ్డు పొడవా, బాట పొడవా అన్నది స్పష్టంగా రాయండి. వెడల్పు గానీ, పైపూత గానీ, యజమాని శాఖ గానీ మారిన ప్రతిచోటా గీతను తుంచి కొత్త ముక్కగా నమోదు చేయండి. ఫోను జీపీఎస్ మామూలుగా కొన్ని మీటర్లు అటూ ఇటూ చూపిస్తుంది, చెట్ల కింద ఇంకా తప్పుతుంది, కనుక ఏ పక్కన అన్నది ఫోనుకు వదిలేయకుండా చేత్తో రాయాలి.

స్థలాల పేర్లకు బదులు కేంద్ర పంచాయతీరాజ్ మంత్రిత్వ శాఖ లోకల్ గవర్నమెంట్ డైరెక్టరీలోని కోడ్లు వాడటం మేలు. 2022 ఏప్రిల్ 4న జిల్లాలు మారినప్పుడు కందుకూరు ప్రకాశం నుంచి నెల్లూరుకు, గూడూరు నెల్లూరు నుంచి తిరుపతికి, చీరాల బాపట్లకు వెళ్లాయి. జిల్లా పేరును ఆధారం చేసుకున్న పాత పట్టికలు అప్పుడు ఎంత గందరగోళమయ్యాయో చూశాను.

ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్‌లో (ఎవరైనా దిద్దగలిగే ఉచిత ఆన్‌లైన్ పటంలో) చేర్చే ఆలోచన ఉంటే, గూగుల్ పటం మీది నుంచి గీసినదేదీ అందులో పెట్టకూడదు; శాఖ ఇచ్చిన డ్రాయింగును కూడా, ఇలా వాడుకోవచ్చని రాతపూర్వకంగా అనుమతి ఉంటేనే పెట్టాలి. ఆ వాక్యాన్ని మొదటి లేఖలోనే చేర్చండి, తరువాత అడిగితే కొత్త ఫైలు తెరవాల్సి వస్తుంది.

సమాధానం: ఉప్పుగాలి, కొత్తపట్నం

ఇద్దరు పెద్దలూ చెప్పినది సరైనదే అయినా, ఆ లెక్కన చూస్తే మా వైపు పటం ఖాళీగా మిగిలిపోతుందని నా భయం. ప్రభుత్వం సైకిల్ బాట అని పేరు పెట్టిన దారులు ఈ రెండు జిల్లాల్లో చాలా తక్కువ, సైకిళ్లు మాత్రం తక్కువేమీ కావు. తెల్లవారకముందే రొయ్యల గుంటల మీదికి వెళ్లే కూలీలు, చేపల బుట్ట కట్టుకుని ఊళ్లు తిరిగేవాళ్లు, ఒంగోలు నుంచి చీమకుర్తి వైపు గ్రానైటు లారీల పక్కన తొక్కుకుంటూ పనికి పోయేవాళ్లు, మా ఉన్నత పాఠశాల పిల్లలు, వీరెవరూ బాట కోసం చూడలేదు, దొరికిన దారినే వాడుకుంటున్నారు. 2011 జనాభా లెక్కల్లో సైకిలున్న కుటుంబాల వివరాలు, పనికి ఏ వాహనం మీద ఎంత దూరం వెళతారన్న పట్టికలు ఉన్నాయి. పాతవే అయినా ఏ మండలంలో ముందు తిరగాలో నిర్ణయించుకోవడానికి పనికొస్తాయి.

కాలువ కట్టల విషయం వేరుగా చెప్పాలి. ఉపగ్రహ చిత్రంలో కట్ట నున్నగా, తిన్నగా, ఎంతో అందంగా కనిపిస్తుంది. దగ్గరికి వెళితే తూము షట్టరుకు వేసిన ఇనుప చట్రం దారికి అడ్డంగా ఉంటుంది, దిగి సైకిలును పక్కకు వంచి, ముందు చక్రం ఎత్తి దాటించాలి. వెనక క్యారేజీ మీద పాల క్యాను ఉన్నవాడికి అది కుదరని పని. మనకు పెద్ద వానలు అక్టోబరు నుంచి డిసెంబరు వరకు ఈశాన్య రుతుపవనాలతో పడతాయి, ఆ నెలల్లో నల్లరేగడి కట్ట మీద మడ్‌గార్డులో మట్టి బిగుసుకుని చక్రం తిరగదు. వేసవిలో సర్వే చేసి ‘బాగుంది’ అని రాసిన దారి నవంబరులో దారే కాదు. కాబట్టి పట్టికలో ‘వానాకాలంలో తొక్కగలమా’ అన్న గడి ఉండి తీరాలి, ఆ గడిని వానల్లో వెళ్లి చూసినవాళ్లే నింపాలి.

2020లో కేంద్రం ఇండియా సైకిల్స్ ఫర్ చేంజ్ పోటీ పెట్టినప్పుడు కొన్ని నగరాల్లో హ్యాండిల్‌బార్ సర్వే చేశారు, అంటే సైకిలు మీదే వెళుతూ అడ్డంకులు నమోదు చేయడం. ఆ పోటీలో ఎంపికైన 11 నగరాల్లో మన పొరుగున వరంగల్ ఉంది. ఆ పద్ధతిని పాఠశాల పిల్లలతో చేయించవచ్చు గానీ, పెద్ద రోడ్డు మీదికి వాళ్లను పంపవద్దని టీచరుగా నా మనవి.

సమాధానం: అక్షాంశం, కావలి

ఉప్పుగాలి గారి అభ్యంతరం న్యాయమైనది. రెండు పొరలు పెట్టండి: ప్రభుత్వం నిర్మించిన బాటలు ఒక పొర, జనం వాడుతున్న దారులు మరొక పొర. రెండింటినీ ఒకే రంగులో మాత్రం చూపించవద్దు. అలా చూపిస్తే, కట్టను పటంలో చూసి ‘ఇక్కడ బాట ఉందిగా’ అని నిధులు మరో చోటికి మళ్లించే ప్రమాదం ఉంది. ఇంకొక జాగ్రత్త: సైకిలు సవారీల జీపీఎస్ జాడలు అప్‌లోడ్ చేసే ముందు మొదలు, చివర కొంత మేర కత్తిరించండి, లేకపోతే ఎవరి ఇల్లు ఎక్కడో లోకానికి తెలిసిపోతుంది.

సమాధానం: పెన్నాగట్టు, నెల్లూరు

అందరికీ ధన్యవాదాలు. దశ, స్థితి వేరు చేయగానే మా వాదన సగం తీరిపోయింది. రెండు పొరలు, వానాకాలపు గడి, ఎడమ కుడి నమోదులు పట్టికలో చేర్చాం. మొదట నెల్లూరులో ఒక వార్డు, కోవూరు మండలంలో ఒక పంచాయతీ మాత్రమే పూర్తిచేసి, ఆ నమూనా చేతపట్టుకుని మిగిలిన కార్యాలయాలకు వెళ్లాలని నిర్ణయించుకున్నాం. పటాన్ని తాజాగా ఉంచే విషయమే ఇంకా తేలలేదు. మున్సిపాలిటీకి అప్పగిస్తే మంచిదా, మా దగ్గరే ఉంచుకోవాలా?

సమాధానం: కొలతలపుస్తకం, ఒంగోలు

పటాన్ని మీ దగ్గరే ఉంచుకోండి, వివరాలను ధ్రువీకరించే పని మాత్రం వారికి ఇవ్వండి. కార్యాలయంలో అధికారి బదిలీ అయితే కంప్యూటరులోని ఫైలు ఎక్కడుందో తరువాత వచ్చినవారికి తెలియదు. దానికి బదులు, ఆర్థిక సంవత్సరం ముగిశాక, అంటే ఏప్రిల్, మే నెలల్లో, ఆ శాఖకు చెందిన ముక్కలను మాత్రమే ఒక పుటలో అచ్చువేసి, పక్కన ‘మార్పు ఉంటే రాయగలరు’ అన్న ఖాళీ గడి వదిలి పంపండి. మార్చిలో బిల్లుల ఒత్తిడి ఉంటుంది, అప్పుడు వెళ్లవద్దు. ఖాళీ ఫారం ఇచ్చి నింపమంటే ఎవరూ నింపరు, నింపిన పుటలో తప్పు కనిపిస్తే దిద్దకుండా ఏ ఇంజనీరూ ఉండలేడు. కావలి, కందుకూరు, ఒంగోలు మూడింటికీ కలిపి ఒకే లేఖ పంపవద్దు. పైన ఎవరి పేరు ఉంటే వారొక్కరే జవాబిస్తారు, మిగిలిన ఇద్దరూ అది తమకు కాదనుకుంటారు.